ఉమ్మడి చెరువు – ఒంటరి నీరటి

సాఫ్ట్‌వేర్ చరిత్ర రాసేవారు సాధారణంగా ఆవిష్కర్తల ప్రతిభతో మొదలుపెట్టి కంపెనీల లాభాలతో ముగిస్తారు. ఆ రెండింటికీ నడుమ, ఒకసారి రాసిన ప్రోగ్రాము చెడిపోకుండా ఏళ్ళ తరబడి చూసుకునే మనిషి ఒకరుంటారు. ఆ మనిషి శ్రమకు ఆ చరిత్రల్లో చోటు దొరకదు. కాని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీద ఈ ఇరవై ఏళ్ళలో జరిగిన పెద్ద దాడులను వరుసగా పరిశీలిస్తే, మనం గుర్తించని ఆ శ్రామికుణ్ణి దొంగ మాత్రం బాగా గుర్తించాడని తెలుస్తున్నది. ఇది ఎట్లా జరిగిందో, దీని నుంచి మనం నేర్చుకోవలసినది ఏమిటో చర్చించటం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను అమీన్‌పూర్‌లో నివసిస్తూ, పటాన్‌చెరు చుట్టుపక్కల నుంచి వచ్చే పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెబుతాను. మా ఊరికి ఒక పక్క పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం కర్మాగారాలు ఉన్నవి. మరొక పక్క మాదాపూర్, గచ్చిబౌలి సాఫ్ట్‌వేర్ భవనాలు ఉన్నవి. ఒకే ఇంట్లో తండ్రి మందుల ఫ్యాక్టరీకి షిఫ్టు డ్యూటీకి పోతే, కొడుకో కూతురో లాప్‌టాప్ సంచి తగిలించుకుని గచ్చిబౌలి బస్సు ఎక్కుతారు. ఇద్దరూ శ్రమ అమ్ముకుని బతికేవారే. అయితే తండ్రి చేతిలోకి వచ్చే ముడిసరుకు ఎక్కడిదో డ్రమ్ము మీద రాసి ఉంటుంది. బిడ్డ చేతిలోకి వచ్చే ముడిసరుకును ఎవరు తయారుచేశారో, ఏ స్థితిలో తయారుచేశారో చాలా సందర్భాల్లో ఆ బిడ్డకు తెలియదు.

ఆ ముడిసరుకే ఓపెన్ సోర్స్ ప్యాకేజీలు. బ్యాంకు యాప్ గాని, ఆసుపత్రి రిజిస్టరు గాని, ప్రభుత్వ పోర్టల్ గాని ఈనాడు ఎవరూ మొదటి అక్షరం నుంచి రాయరు. ఇతరులు రాసి, సోర్సు కోడుతో సహా ఉచితంగా ఇచ్చిన చిన్న చిన్న ప్రోగ్రాములను తెచ్చుకుని, వాటి మీద తమ పని కడతారు. తరగతిలో నేను విద్యార్థుల చేత ఒక అభ్యాసం చేయిస్తుంటాను. తమ ప్రాజెక్టులోకి కోరి తెచ్చుకున్న ప్యాకేజీల పేర్లు రాయమంటాను. అవి సాధారణంగా పదికి మించవు. తరువాత ఆ పదింటికి కావలసినవి, వాటికి మళ్ళీ కావలసినవి అంటూ వెంట దిగినవాటిని లెక్కపెట్టమంటాను. లెక్క వందల్లోకి పోతుంది. పిలిచిన చుట్టం ఒకడు, వెంట వచ్చినవారు ఊరెడు మంది. ఆ ఊరెడు మందిలో ఏ ఒక్కరి సంచిలో విషం ఉన్నా అది వంటింటి దాకా వస్తుంది. ఇట్లా తలుపు పగలగొట్టకుండా, ఇంటికి వచ్చే సరుకులోనే విషం కలపటాన్ని సరఫరా గొలుసు దాడి అంటున్నారు.

ప్రోగ్రాములు రాసేవారు ఈ సంబంధాన్ని చెప్పటానికి నీటి భాషనే వాడతారు. ప్యాకేజీ పుట్టే చోటు వారికి ‘ఎగువ’. దాన్ని తెచ్చుకుని వాడేవారు ‘దిగువ’. పటాన్‌చెరు ప్రాంతపు మనిషికి ఈ రెండు మాటల అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. 1970లలో ఇక్కడ పారిశ్రామికవాడ వెలసిన తరువాత రసాయన కర్మాగారాల మురుగు నక్కవాగులో కలిసి, ఒడ్డున ఉన్న ఊళ్ళ బావులనూ పొలాలనూ చెరిచి, మంజీర దిక్కు సాగింది. దిగువ రైతు తన బావి చుట్టూ ఎంత ఎత్తు గోడ కట్టుకున్నా నీళ్ళు బాగుపడలేదు. ఎందుకంటే విషం గోడ దూకి రాలేదు, నీటితోనే వచ్చింది. ఈ కాలుష్యం మీద 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఈ ప్రాంతపు మందుల కర్మాగారాల మురుగును శుద్ధి చేసి విడిచిన నీటిలోనే సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నది. శుద్ధి అయినదన్న ముద్ర వేరు, శుద్ధి వేరు. ఎగువను ఎవరు చూసుకుంటున్నారో తెలియకుండా దిగువ క్షేమం గురించి మాట్లాడటం వ్యర్థం. సాఫ్ట్‌వేర్ విషయంలోనూ ఈ రెండు మాటలూ నిజమే.

ఇక చరిత్రలోకి వద్దాం.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించటంతో మొదలయింది. ప్రోగ్రామును వాడే, చదివే, మార్చే, పంచుకునే హక్కు అందరికీ ఉండాలని, చేతులు మారినా ఆ హక్కును ఎవరూ లాక్కోరాదని 1989లో గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సు నియమం చేసింది. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సును విడుదల చేశాడు. కంచె వేసిన పొలాల నడుమ ఒక ఉమ్మడి చెరువు తవ్వినట్లయింది. 1998లో దీనికి ‘ఓపెన్ సోర్స్’ అని కొత్త పేరు పెట్టినవారు హక్కు అన్న మాటను తగ్గించి, లాభసాటి పద్ధతి అన్న మాటను పెంచారు. కంపెనీలు ఆ పేరు పట్టుకునే చెరువు దగ్గరికి వచ్చినవి. మన దగ్గర 2005లో ఏర్పడిన ‘స్వేచ్ఛ’ సంస్థ, కంప్యూటరు తెలుగులో పలకాలన్న ఆశయంతో ఈ ఉద్యమాన్ని కళాశాలల్లోకి తీసుకుపోయింది.

గ్నూ ప్రకటన వచ్చిన మరుసటి ఏడే ఒక హెచ్చరిక కూడా వచ్చింది. యూనిక్స్ నిర్మాతల్లో ఒకడైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కార ఉపన్యాసం 1984లో అచ్చయింది. సోర్సు కోడును యంత్రభాషలోకి మార్చే కంపైలరులోనే దొంగదారి పెడితే ఏమవుతుందో అందులో అతడు చూపించాడు. ఆ కంపైలరు తన తరువాతి తరం కంపైలరులోకి కూడా అదే దొంగదారిని దించుతుంది. సోర్సు కోడును అక్షరం అక్షరం చదివినా దాని జాడ కనబడదు. చదివే హక్కు ఒక్కటే చాలదని, చదివినదే నడుస్తున్నదని తేల్చుకునే మార్గం కూడా కావాలని దీని సారాంశం. చాలాకాలం ఇది పండితుల చమత్కారంగానే చలామణి అయింది.

2003 నవంబరులో లినక్సు కెర్నెల్ ప్రతుల్లో ఒకదానిలోకి ఎవరో రెండు పంక్తులు జొప్పించారు. పోల్చి చూడటానికి రెండు సమాన చిహ్నాలు ఉండవలసిన చోట ఒకటే ఉంది. ఆ ఒక్క చిహ్నం తేడాతో ఏ సామాన్య వాడుకరి అయినా యంత్రానికి సర్వాధికారి కాగలడు. ఆ ప్రయత్నం ఫలించలేదు. ఆ ప్రతిని అసలు ప్రతితో సరిపోల్చే ఏర్పాటు ఉండబట్టి తేడా వెంటనే పట్టుబడింది. అక్కడ ఉద్యమాన్ని కాపాడినది ఏ ఒక్కరి మేధాశక్తీ కాదు. లెక్క సరిచూసుకునే క్రమశిక్షణ.

కాని ఆ క్రమశిక్షణ లినక్సు వంటి పెద్ద ప్రాజెక్టులకు ఉన్నది, చిన్నవాటికి లేదు. చూసే కళ్ళు ఎక్కువైతే ఏ తప్పూ దాగదన్న నమ్మకం ఆ రోజుల్లో ఉద్యమానికి తారకమంత్రం. 2014 ఏప్రిల్‌లో ఆ మంత్రం మహిమ తేలిపోయింది. వెబ్ సంభాషణను గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాములో ‘హార్ట్‌బ్లీడ్’ అన్న లోపం బయటపడింది. అది 2012లో విడుదలైన వెర్షన్ నుంచీ ఉన్నది. రెండేళ్ళపాటు ప్రపంచంలోని పెద్ద పెద్ద వ్యాపారాలు ఆ ప్రోగ్రాము మీద నడిచినవి. అప్పటికి ఆ ప్రాజెక్టుకు పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కడు. ఏడాదికి వచ్చే విరాళాలు సుమారు 2000 డాలర్లు. ఇది దాడి కాదు, పొరపాటు. అయినా అది చెప్పిన సత్యం పెద్దది. చూసే హక్కు కోటి మందికి ఉండవచ్చు. చూడటం మాత్రం ఒక పని. దానికి పూట గడవాలి, తీరిక కావాలి, శిక్షణ కావాలి. హక్కును పనిగా పొరబడటమే ఆ మంత్రంలోని లోపం.

2016 మార్చిలో మరొక సంఘటన జరిగింది. అజెర్ కోచులు అనే ప్రోగ్రామరు ఒక పేరు విషయంలో వచ్చిన తగాదాతో తన ప్యాకేజీలన్నీ ఎన్‌పీఎం అనే పంపిణీ కేంద్రం నుంచి ఉపసంహరించుకున్నాడు. వాటిలో ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనేది 11 పంక్తులది. ఆ 11 పంక్తులు లేక ప్రపంచమంతటా వేలాది ప్రాజెక్టుల నిర్మాణం ఆగిపోయింది. గొలుసు ఎంత పొడవో, కొన్ని లంకెలు ఎంత సన్ననో ఆ రోజు లోకానికంతా తెలిసింది. తెలిసినవారిలో దొంగలు కూడా ఉన్నారు.

2018లో దాని ఫలితం కనబడింది. వారానికి ఇరవై లక్షల సార్లు దిగుమతి అయ్యే ‘ఈవెంట్‌స్ట్రీమ్’ ప్యాకేజీని రాసినతడు దాన్ని వాడటం మానివేసి చాలా కాలమయింది. అయినా కాపలా మాత్రం అతని మీదనే ఉన్నది. నేను చూసుకుంటానని ఒక అపరిచితుడు మర్యాదగా అడిగితే అతడు తాళాలు ఇచ్చివేశాడు. ఆ కొత్తవాడు మరొక చిన్న ప్యాకేజీ ద్వారా బిట్‌కాయిన్ సంచులను దోచే కోడు దించాడు. దాన్ని నవంబరులో పట్టుకున్నది ఒక అమెరికన్ కళాశాల విద్యార్థి. పట్టుబడ్డాక లోకం ఆ పాత కాపరిని దుమ్మెత్తిపోసింది. అన్నాళ్ళు ఉచితంగా వాడుకున్నవారు, ఇన్నాళ్ళు నీకు తోడు ఎవరున్నారని మాత్రం అతణ్ణి అడగలేదు.

ఇక్కడ ఒక పోలిక చెప్పుకోవాలి. తెలంగాణ ఊళ్ళలో చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తెరవటం, మూయటం, ఏ మడికి ఎంత నీరు పోవాలో చూడటం, వానాకాలం రాత్రులు కట్ట మీద తిరిగి ఎలుక బొరియలు పూడ్చటం అతని పని. ఆయకట్టు రైతులు పంట కల్లంలో అతనికి వాటా కొలిచేవారు. కొన్ని ఊళ్ళలో ఇనాం భూమి కూడా ఉండేది. ఆ వ్యవస్థను స్వర్గంగా చిత్రించటం నా అభిమతం కాదు. నీరు మొదట దొర పొలానికే పోయేది. నీరటిది సాధారణంగా అట్టడుగు కులం. అతనికి అందినది తక్కువ, పడిన మాటలు ఎక్కువ. అయినా ఒక్క సంగతి ఆ దోపిడీ వ్యవస్థ సైతం ఎరుగును: కట్టను రాత్రిపూట చూసే మనిషి లేకపోతే చెరువు నిలవదు, ఆ మనిషి తిండిని ఊరి లెక్కలో రాసుకోవాలి. కుతుబ్‌షాహీల కాలం నాటి మా అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. వారసత్వమని బోర్డు పెట్టినంత మాత్రాన కట్ట దానంతట అది నిలవదు గదా! సాఫ్ట్‌వేర్ చెరువుకు లైసెన్సు ఉన్నది, బోర్డు ఉన్నది, లక్షల ఎకరాల ఆయకట్టు ఉన్నది. నీరటికి కొలిచే వాటా మాత్రం ఏ కల్లంలోనూ లేదు.

ఈ లేమిని ఒక ఆయుధంగా మార్చిన దాడి 2024లో బయటపడింది. దీన్ని కొంత వివరంగా చూడాలి.

ఎక్స్‌జడ్ అనేది ఫైళ్ళను కుదించే పనిముట్టు. దాదాపు ప్రతి లినక్సు యంత్రంలోనూ అది ఉంటుంది. ఫిన్లాండుకు చెందిన లాసె కొలిన్ దాన్ని ఏళ్ళ తరబడి జీతం లేకుండా ఒంటరిగా చూసుకుంటూ వచ్చాడు. 2021లో ‘జియా టాన్’ అన్న పేరుతో ఒకరు ప్రవేశించి, చిన్న చిన్న మరమ్మతులు పంపటం మొదలుపెట్టారు. 2022లో కొత్త కొత్త పేర్లతో కొందరు బయలుదేరి, పని ఆలస్యమవుతున్నదని, చేతకాకపోతే మరొకరికి అప్పగించమని కొలిన్ మీద ఒత్తిడి తెచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగా లేదని, ఇది జీతం లేని పని అని గుర్తుంచుకోవాలని అతడు జవాబిచ్చాడు. ఆ జవాబు చదివి కూడా వారు ఒత్తిడి ఆపలేదు. చివరకు సాయం చేస్తున్న జియా టాన్‌కు తాళాలలో వాటా దక్కింది. 2024 ఫిబ్రవరి, మార్చి నెలల్లో విడుదలైన 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి వచ్చి చేరింది. అదను చూసి యంత్రంలోకి దూరదలచిన వాడికి అది రాజమార్గం.

దాని పన్నాగం గమనించదగినది. విషాన్ని పరీక్షల కోసమని పెట్టిన ఫైళ్ళలో దాచారు. దాన్ని మేల్కొలిపే పంక్తులు అందరూ చదివే సోర్సు కోడులో లేవు. పంపిణీ కోసం కట్టిన మూటలో మాత్రమే ఉన్నవి. నలభై ఏళ్ళ కిందట థాంప్సన్ చెప్పినది ఇదే కదా: చదివినది వేరు, నడిచినది వేరు. మైక్రోసాఫ్టులో పనిచేస్తూ పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మీద కృషి చేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్, దూరపు యంత్రంలోకి లాగిన్ కావటానికి అరసెకను ఎక్కువ పడుతున్నదేమని విసుగుపడి తవ్వి చూశాడు. మార్చి 29న దాన్ని లోకానికి చెప్పాడు. అప్పటికి డెబియన్, ఫెడోరాల పరీక్ష వెర్షన్ల వంటివాటిలోకి మాత్రమే అది పాకింది. స్థిరమైన విడుదలల్లోకి ఇంకా చేరలేదు. ఒక శ్రామికుడు తన పని మీద పట్టింపు వదలకపోవటం వల్ల గండం తప్పింది. మరి ప్రతిసారీ అట్లాంటి మనిషి అదే చోట ఉంటాడని ఏ ధైర్యంతో అనుకోగలం?

ఈ దాడిలో మొదట చెడినది కంప్యూటరు కాదు. మొదట ఒక అలసిన మనిషి మీద గురి పెట్టారు. అతణ్ణి ఇంకా అలసిపోయేట్లు చేసి, ఆ అలసటలో చేయి అందించే స్నేహితుడి వేషం వేసుకున్నారు. రెండున్నరేళ్ళు పట్టిన ఈ పథకమంతా ఒక లెక్క మీద ఆధారపడింది: ఇన్ని కోట్ల మంది వాడుకరుల్లో నిజంగా సాయానికి వచ్చేవాడు ఒక్కడూ ఉండడని. ఆ లెక్క తప్పలేదు. మనం సిగ్గుపడవలసినది అక్కడ.

2025 సెప్టెంబరులో ఈ పద్ధతి మరొక రూపం తీసుకుంది. ఎన్‌పీఎం పేరుతో దొంగ ఉత్తరం పంపి, ఒక కాపరి చేత తాళాలు ఇప్పించుకుని, ‘చాక్’, ‘డీబగ్’ మొదలైన 18 ప్యాకేజీలలో దొంగ కోడు పెట్టారు. వారానికి మొత్తం 200 కోట్ల సార్లు దిగే ప్యాకేజీలు అవి. కొన్ని గంటల్లోనే పట్టుబడింది. అదే నెలలో ‘షాయ్ హులూద్’ అని పిలిచిన పురుగు బయలుదేరింది. అది ఒక కాపరి యంత్రంలోకి దూరి, అతని తాళాలు దొంగిలించి, వాటితో అతని తక్కిన ప్యాకేజీలలోకి తనంతట తానే పాకింది. 500కు పైగా ప్యాకేజీలు దాని బారిన పడినవి.

ఈ చరిత్ర చూపించి కొందరు రెండు వాదాలు చేస్తున్నారు. వాటిని పరిశీలించక తప్పదు.

మొదటిది: ఉమ్మడి సొత్తుకు దిక్కు ఉండదు కాబట్టి కంపెనీ సరుకు కొనుక్కోవటమే క్షేమమని. 2020 డిసెంబరులో బయటపడిన సోలార్‌విండ్స్ వ్యవహారం ఈ వాదానికి జవాబు. అది మూసిపెట్టిన కోడు, డబ్బు పెట్టి కొన్న కోడు. దాని నవీకరణలో దాగిన విషం సుమారు 18,000 మంది ఖాతాదారులకు కంపెనీ ముద్రతోనే చేరింది. వారిలో అమెరికా ప్రభుత్వ శాఖలు కూడా ఉన్నవి. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2018 ఫిబ్రవరిలో జరిగింది. దాడి కాకపోయినా అది తెలుగువారు మరచిపోరాని ముచ్చట. ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక తీరున కూర్చి పంపితే ఆపిల్ ఫోన్లలో యాప్‌లు కూలిపోయేవి. జ్ఞానం అన్న మాటలోని మొదటి అక్షరాన్నే ఆ ఫోను మోయలేకపోయింది! తెలుగు రాయటం తెలిసిన కోట్ల మందిలో ఒక్కరికైనా ఆ కోడు విప్పి సరిచేసే హక్కు లేదు. కంపెనీ నవీకరణ పంపేదాకా ఎదురుచూడటమే మన వంతు. మూసిన కోడులో నీరటి లేకపోలేదు. అతడు ఎవరో, ఏం చేస్తున్నాడో అడిగే హక్కు మనకు లేదు, అంతే.

రెండవ వాదం: కోడు పంపేవారి గుర్తింపు కార్డులు అడగాలని, ఫలానా దేశాల వారిని రానివ్వకూడదని. ఇది పైకి జాగ్రత్తగా కనిపించే దురభిమానం. ఎక్స్‌జడ్ వ్యవహారంలో ఒక దొంగ పేరు చీనావారిదిగా వినబడింది. ఒత్తిడి తెచ్చిన పేర్లలో ఒకటి మన దేశపు పేరు లాగా వినబడింది. ఆ ముసుగుల వెనుక ఎవరున్నారో ఈనాటికీ రుజువు కాలేదు. పేరును బట్టి తగులుకుంటే రేపు సంగారెడ్డి విద్యార్థి పంపిన మంచి మరమ్మతును కూడా గేటు దగ్గరే ఆపుతారు. అదీగాక 2025లో మోసపోయిన కాపరులు అసలైన మనుషులే, అసలైన పేర్లే. వారి గుర్తింపు కార్డు చూసి లాభమేమిటి?

ఈ రెండు వాదాలూ అసలు ప్రశ్నను తప్పించుకుంటున్నవి. 2024లో హార్వర్డ్ పరిశోధకులు కట్టిన లెక్క ప్రకారం, ఓపెన్ సోర్స్ లేకుంటే కంపెనీలు ఆ సాఫ్ట్‌వేర్‌ను తామే తయారుచేసుకోవటానికి పెట్టవలసిన విలువ 8.8 లక్షల కోట్ల డాలర్లు. ఆ విలువలో 96 శాతం కేవలం 5 శాతం మంది ప్రోగ్రామర్ల శ్రమ నుంచి వచ్చింది. అంటే సరుకు ఉమ్మడిది, లాభం ప్రైవేటుది, కాపలా అనాథ. లైసెన్సు ఫలాన్ని ఉమ్మడి చేసింది కాని, ఆ ఫలాన్ని పండించే చేతుల పోషణను ఉమ్మడి చేయలేదు. మనలో కొందరు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ దానంతట అదే సమసమాజపు నమూనా అని సంబరపడుతుంటారు. ఆ ఉత్సాహాన్ని నేను అర్థం చేసుకోగలను. అయితే జీతం లేని శ్రమను ఆదర్శమని పొగిడితే, దాన్ని పిండుకునే పెట్టుబడికి మనం పల్లకి మోసినట్లే అవుతుంది.

అందువల్ల రక్షణను రెండు మార్గాల్లో ఆలోచించాలి. ఒకటి సాంకేతికం, ఒకటి సామాజికం. ఒకదాన్ని విడిచి మరొకటి నిలవదు.

సాంకేతిక మార్గంలో ఇప్పటికే మంచి కృషి జరిగింది. ఒకే సోర్సు కోడు నుంచి ఎవరు కట్టినా అక్షరం పొల్లుపోకుండా ఒకే ప్రోగ్రాము రావాలన్న కృషిని డెబియన్ కార్యకర్తలు 2013 నుంచి సాగిస్తున్నారు. ఇద్దరు వేరువేరు చోట్ల కట్టి సరిచూసుకుంటే, మూటలో కలిపిన విషం తేడాగా బయటపడుతుంది. సోర్సు కోడులోనే, లేదా ఇద్దరూ వాడిన పనిముట్టులోనే దొంగ ఉంటే ఇది పట్టదు. అందుకు మళ్ళీ చదివే మనిషే కావాలి. పైథాన్ ప్యాకేజీల కేంద్రం 2023 చివరి నాటికి కాపరులందరికీ రెండంచెల ధృవీకరణను తప్పనిసరి చేసింది. మన దేశంలో సెర్ట్ ఇన్ సంస్థ, సాఫ్ట్‌వేర్‌లో ఏయే ప్యాకేజీలు ఉన్నవో జాబితా ఉండాలని 2024లో మార్గదర్శకాలు ఇచ్చింది. విద్యార్థులు చేయదగినవి కూడా ఉన్నవి. వాడే వెర్షన్‌ను బిగించి పెట్టుకోవాలి. దిగిన మూట ముద్రను సరిచూసుకోవాలి. భద్రతా మరమ్మతు అయితే తప్ప, కొత్త వెర్షన్ వచ్చిన పూటే తెచ్చుకోకుండా కొన్నాళ్ళు ఆగాలి. 2025 నాటి దొంగ ప్యాకేజీలు గంటల్లో, రోజుల్లో పట్టుబడినవి గనుక ఆగినవారు బతికిపోయారు. పది పంక్తుల పనికి బయటి ప్యాకేజీ తెచ్చుకోకుండా స్వయంగా రాసుకోవాలి.

సామాజిక మార్గం ఇంకా పెద్దది. జర్మనీ ప్రభుత్వం 2022లో ఒక నిధి పెట్టి, ఇట్లాంటి మౌలిక ప్రాజెక్టుల కాపరులకు ప్రజాధనం నుంచి జీతాలు ఇస్తున్నది. ఐరోపా సమాజం 2024లో తెచ్చిన సైబర్ చట్టం, సరుకు అమ్ముకుని లాభం తీసేవారి మీదనే భద్రత బాధ్యత పెట్టి, లాభాపేక్ష లేని స్వచ్ఛంద కార్యకర్తను దాని నుంచి మినహాయించింది. మన కేంద్ర ప్రభుత్వం 2015లోనే ఓపెన్ సోర్స్‌ను స్వీకరించే విధానం ప్రకటించింది. స్వీకరించటం మంచిదే. తాగే చెరువుకు పూడిక తీసే బాధ్యతను కూడా స్వీకరించమని అడగటం ఇప్పుడు మన పని. వాడుకునే ప్రతి శాఖా తాను ఆధారపడిన ప్యాకేజీల జాబితా ప్రకటించాలి. ఆ జాబితాలోని కాపరులకు జీతంతో తోడు మనుషులను ఇవ్వాలి. విశ్వవిద్యాలయాల్లో పరిశోధన పత్రం రాస్తే లెక్కలోకి వస్తున్నది. పది లక్షల మంది వాడే ప్రోగ్రామును పదేళ్ళు కాపాడితే లెక్కలోకి రావటం లేదు. ఉపాధ్యాయ సంఘాలు ఈ ప్రశ్న లేవనెత్తాలి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల సంఘాలు, కంపెనీ వాడే ఓపెన్ సోర్స్ పనికి పనివేళల్లోనే కొంత కాలం కేటాయించాలన్న కోరికను తమ కోరికల పత్రంలో చేర్చాలి.

విద్యార్థి మిత్రులకు ప్రత్యేకంగా ఒక మాట. తెలుగు కంప్యూటరు వాడకం కూడా ఇట్లాంటి కాపరుల మీదనే నిలబడి ఉన్నది. అక్షరాలు కూర్చే ప్రోగ్రాములు, ఉచిత ఫాంట్లు, మెనూల అనువాదాలు, అన్నీ కొద్దిమంది చేతుల్లో ఉన్నవి. మీరు వాడే ప్యాకేజీలలో ఒకదాన్ని ఎంచుకోండి. దాన్ని చూసుకునేవారు ఎందరో తెలుసుకోండి. ఒక్కరే అయితే ఆ కోడు చదవండి, పరీక్షలు రాయండి, ఇతరులు పంపిన మార్పులను సరిచూడండి. మరమ్మతు ఆలస్యమైతే కసురుకోకండి. ఎక్స్‌జడ్ కాపరిని లొంగదీసిన ఆయుధం దురుసు మాటే; శ్రామికుడితో మర్యాదగా మాట్లాడటం కూడా భద్రతలో భాగమే. తాళం మాత్రం తొందరపడి అడగవద్దు, తొందరపడి ఇవ్వవద్దు. ఏళ్ళ తరబడి బహిరంగంగా కలిసి పనిచేసిన నలుగురి చేతుల్లో అది ఉండాలి. ఏ ఒక్కరూ ఒంటరిగా తలుపు తెరవలేని విధంగా ఉండాలి.

నక్కవాగు ఒడ్డున ఉన్న రైతులు తమ బావి దగ్గర కూర్చుని ఉంటే వారి గోడు ఢిల్లీ దాకా పోయేది కాదు. వారు ఊళ్ళు కలిపి ఎగువకు నడిచారు; ఏ గొట్టం ఎవరిదో అడిగారు. పూర్తి న్యాయం జరిగిందని ఎవరూ అనలేరు. కాని దిగువవాడికి ఎగువను ప్రశ్నించే హక్కు ఉన్నదన్న సంగతిని వారు ఈ ప్రాంతంలో స్థిరపరచారు. సాఫ్ట్‌వేర్ విషయంలో మనకు అంతకన్న మెరుగైన అవకాశం ఉన్నది. అక్కడ గేటు తెరిచే ఉన్నది. ఎగువకు పోయి ప్రశ్నించటమే కాదు, పార పట్టుకుని కట్ట మీద నిలబడవచ్చు. ఆ నిలబడే మనిషికి కూలి దక్కేటట్లు పోరాడటం, ఆ మనిషి పక్కన మరి నలుగురు నిలబడేటట్లు చూడటం ఈ తరం విద్యార్థుల, ఉపాధ్యాయుల కర్తవ్యం.